ఆ చర్చికి మా అబ్బాయితో వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. మావారు మా తెలుగు క్రైస్తవ సంఘంలో కమిటీ మెంబరు. మా అబ్బాయికి 26 ఏళ్లు. తనకు మగవాళ్లంటేనే ఇష్టమని ఈస్టర్ తర్వాత చెప్పాడు. అప్పట్నుంచి మా చర్చి మానేసి, ఊరి అవతల అద్దె హాల్లో జరిగే చిన్న సంఘానికి వెళ్తున్నాడు. అక్కడ ట్రాన్స్‌జెండర్లు, వీడిలాంటి పిల్లలు, అందరూ ఉంటారట. ఆరాధనయ్యాక అన్నం పొట్లాలు కట్టి పంచుతారట. ‘ఒక్క ఆదివారం రామ్మా’ అంటున్నాడు. అది సంఘమే కాదంటారు మావారు. ఉపవాస ప్రార్థనలో పెట్టి ఈ ఇష్టం నుంచి విడుదల చేయిస్తానని, క్రిస్మస్‌లోపు నెల్లూరు సంబంధం ఖాయం చేస్తానని పట్టుబట్టారు. నేను వెళ్తే ఆయనకూ దేవుడికీ ద్రోహం చేసినట్టా?

జవాబు: వెళ్లండమ్మా. మీవారికి చెప్పే వెళ్లండి. దాచిపెట్టి వెళ్తే అదేదో తప్పని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. అక్కడి బోధ మీకు నచ్చి తీరాలనేమీ లేదు. ఆఖరి ప్రార్థన కాగానే లేచి రాకుండా, పొట్లాలు కట్టేచోట కూర్చోండి. చేతులు సాంబారన్నం కడుతుంటే నోళ్లు ఊరుకోవుగా! మీ అబ్బాయిని ఎవరు ఏమని పిలుస్తున్నారో, జ్వరమొస్తే ఎవరు చూస్తున్నారో తెలుస్తుంది. ఇంట్లోంచి గెంటేసిన పిల్లలు కొందరిని వారం మొత్తంలో ‘తిన్నావా’ అని అడిగేది అలాంటి చోటే. ఇలాంటి సంఘాల్లో సేవంటే కరపత్రాలకన్నా ఇదే ఎక్కువ: అద్దెకు గది దొరకనివాళ్లకు గది వెతకడం, ఆస్పత్రికి తోడు వెళ్లడం, గుర్తింపు కార్డులో పేరు మార్పుకి కాగితాలు నింపిపెట్టడం.

మీవారితో వాక్యం మీద వాదన పెట్టుకోకండి. కమిటీలో ఉన్న మనిషి, మీరొకటంటే పది వచనాలు తీస్తారు. బైబిల్లో అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం మాత్రం ఇద్దరూ కలిసి చదవండి. ఐతియొపీయుడైన నపుంసకుడు యెరూషలేములో ఆరాధించి తిరిగెళ్తున్నాడు. అలాంటివాడు సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23లో ఉంది. నాకు బాప్తిస్మమివ్వడానికి ఆటంకమేమిటని అతను అడిగితే సువార్తికుడు ఫిలిప్పు కమిటీ వేయలేదు, అతనితో నీళ్లలోకి దిగాడు. అతని సంగతీ మీ అబ్బాయి సంగతీ ఒకటేనని నేననను, మీవారసలే ఒప్పుకోరు. గుమ్మం దగ్గర ఎవరిని ఆపాలన్న ప్రశ్న మాత్రం ఒకటే. ఆయన భయం దేవుడి గురించి కాదేమో, వచ్చే కమిటీ మీటింగు గురించేమోనని నా అనుమానం. అదీ చిన్న భయమేం కాదు, ఎగతాళి చేయకండి.

విడుదల ప్రార్థన మాత్రం వద్దు. కొడుకు కోసం ఆయన ఉపవాసముంటే ఉండనివ్వండి, కొడుకుని పస్తు పెట్టకూడదు. ఇది రోగం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో నేరమూ కాకుండా పోయింది. ‘మారుస్తాం’ అంటూ వైద్యం చేసేవాళ్లపై చర్య తీసుకోవాలని 2021లో మన మద్రాసు హైకోర్టే ఆదేశించింది. మరుసటేడు జాతీయ వైద్య కమిషన్ దాన్ని డాక్టర్ల దుష్ప్రవర్తన కింద చేర్చింది. డాక్టరు చేయకూడని పని పాస్టరుగారితో చేయించడం దేనికి? అలాంటి గదుల్లోంచి బయటపడ్డ పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. మారి రారు, నిద్ర పోగొట్టుకుని వస్తారు.

ఇంకోటి. ఈ సంగతి ఎవరికి చెప్పాలో నిర్ణయించుకోవాల్సింది మీ అబ్బాయి. ‘మా వాడి కోసం ప్రార్థించండి’ అని స్త్రీల కూడికలో ఒక్కరితో అన్నా, వచ్చే ఆదివారానికి సంఘమంతటికీ తెలిసిపోతుంది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా దిగులు పుట్టించింది నెల్లూరు సంబంధం. పెళ్లయితే దార్లోకొస్తాడని మీవారి ఆశ. మీ అబ్బాయికి కనీసం మీరున్నారు. ఆ పిల్లకి నిజం చెప్పేవాళ్లెవరు? ఏళ్ల తరబడి తనలోనే ఏదో లోపముందనుకుని ఏడ్చేది ఆ అమ్మాయి. ఈ వారమే వాళ్లకి ఫోన్ చేసి, ‘మా అబ్బాయికి పెళ్లి ఉద్దేశం లేదండీ, మీ అమ్మాయికి వేరే సంబంధం చూసుకోండి’ అని చెప్పండి. కారణం అడుగుతారు, చెప్పనక్కర్లేదు. మీవారు చేయనంటే మీరే చేయండి.