వీసాకి ఎక్స్‌రే తీశారుగా, మళ్ళీ రక్త పరీక్ష ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, కిందటి సెప్టెంబరులో ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండులోని లెస్టర్ వచ్చాను. జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకున్న కొన్నాళ్ళకి ‘లేటెంట్ టీబీ పరీక్షకి రండి’ అని మెసేజ్ వచ్చింది. వీసా కోసం హైదరాబాద్‌లో ఛాతీ ఎక్స్‌రే తీసి బాగానే ఉందన్నారు, చిన్నప్పుడు టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా కూడా వేశారు. దగ్గు లేదు, జ్వరం లేదు. పాజిటివ్ వస్తే వెనక్కి పంపించేస్తారని రూమ్మేట్ అంటున్నాడు. వెళ్ళకపోతే ఏమవుతుంది?
- ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: వెళ్ళండి. మీ టెన్షనంతా వీసా గురించే కాబట్టి ముందు అది చెప్పేస్తాను. ఈ పరీక్షలో ఏం తేలినా మీ వీసాకి ఏమీ కాదు. ఇది అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళు ఉచితంగా చేసేది, ఇమ్మిగ్రేషన్‌తో సంబంధం లేదు, తప్పనిసరి కూడా కాదు.

వీసా ఎక్స్‌రే ఊపిరితిత్తుల్లో జబ్బు ఉందా అని మాత్రమే చూస్తుంది. లేటెంట్ టీబీలో క్రిములు ఒంట్లో ఉన్నా మన రోగనిరోధక శక్తి వాటిని అణిచిపెట్టి ఉంచుతుంది కాబట్టి ఎక్స్‌రే శుభ్రంగా వస్తుంది, దగ్గు ఉండదు, పక్కవాళ్ళకి అంటుకోదు. కానీ ఇలాంటివాళ్ళలో నూటికి 5 నుంచి 10 మందికి ఎప్పుడో ఒకప్పుడు అసలు జబ్బే వస్తుంది, అదీ మనవాళ్ళలో చాలాసార్లు ఊపిరితిత్తుల్లో కాకుండా మెడ దగ్గర గడ్డలుగా బయటపడుతుంది. ఇంగ్లండులో టీబీ వచ్చినవాళ్ళలో అయిదుగురికి నలుగురు బయటి దేశాల్లో పుట్టినవాళ్ళే, అందులోనూ ఇండియాలో పుట్టినవాళ్ళే ఎక్కువ. అందుకే ఇండియాలాంటి దేశాల నుంచి వచ్చి అయిదేళ్ళు దాటని 16-35 ఏళ్ళవాళ్ళని పిలుస్తున్నారు. మిమ్మల్ని అనుమానించి కాదు.

బీసీజీ వేయించుకున్నా ఈ పరీక్ష తప్పు చూపించదు. చర్మం కింద సూది వేసి చూసే పాత పరీక్షకి ఆ చిక్కు ఉండేది. ఇప్పుడు చేతి నరం నుంచి కాస్త రక్తం తీసి, బీసీజీలో లేని టీబీ ప్రోటీన్లని అందులో కలిపి, మీ తెల్ల కణాలు వాటిని గుర్తుపడుతున్నాయా లేదా అని చూస్తారు. చాలాచోట్ల అదే రక్తంతో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ కూడా చూస్తామంటారు, ఒప్పుకోండి.

పాజిటివ్ వస్తే అసలు జబ్బు లేదని మళ్ళీ నిర్ధారించుకుని, సాధారణంగా మూడు నెలలు రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ మాత్రలు ఇస్తారు. మందులకీ డబ్బు కట్టక్కర్లేదు. మూత్రం నారింజ రంగులోకి మారితే కంగారుపడకండి, అది రిఫాంపిసిన్ రంగే. ఆ మూడు నెలలూ మద్యం ముట్టకండి, రెండు మాత్రలూ కాలేయాన్ని ఇబ్బంది పెట్టొచ్చు, కళ్ళు పచ్చబడితే వెంటనే ఫోన్ చేయాలి. ఇది చదివే అమ్మాయిలకి ఒక మాట: గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే రిఫాంపిసిన్ వాటిని పనిచేయనివ్వదు, నర్సుకి తప్పకుండా చెప్పండి.

ఇంకోటి, ఇంటికి ఫోన్ చేసి ‘నాకు టీబీ అట’ అనకండి. అది నిజం కాదు, పైగా మన ఊళ్ళలో ఆ మాట పెళ్ళి సంబంధాల దాకా వెళ్తుంది. అయితే మూడు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, మెడ మీద గడ్డ, వీటిలో ఏది కనిపించినా పిలుపు కోసం ఆగొద్దు, మీరే జీపీకి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా తమ్ముడు బర్మింగ్‌హామ్‌లో, ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళని ఉంచిన హోటల్లో సెక్యూరిటీ షిఫ్టులు చేస్తున్నాడు. వాళ్ళ దగ్గర డిఫ్తీరియా అంటుకుంటుందని అందరూ భయపెడుతున్నారు. మానెయ్యమనాలా?
- ఒక అక్క, ఖమ్మం

జవాబు: మానక్కర్లేదమ్మా. ఈ భయం 2022 నాటిది. కెంట్‌లోని మాన్‌స్టన్ శిబిరంలో ఉన్న ఒకతను ఆ నవంబరులో చనిపోయాడు, అతనికి పరీక్షలో డిఫ్తీరియా తేలింది. చిన్నప్పుడు టీకాలు పడనివాళ్ళు దారి పొడవునా ఇరుకు శిబిరాల్లో ఉండి వచ్చారు, చాలామందికి అది చర్మం మీద పుండ్లుగా కనిపించింది. తర్వాత అక్కడికి వచ్చేవాళ్ళకి టీకా, యాంటీబయాటిక్ ఇచ్చారు. మీ తమ్ముడికి చిన్నప్పుడు డీపీటీ టీకాలు (అందులో ‘డీ’ అంటే డిఫ్తీరియానే) పూర్తిగా పడ్డాయో లేదో మీ అమ్మగారిని అడగండి, అనుమానముంటే అక్కడి జీపీ దగ్గర వేయించుకుంటే సరిపోతుంది.

ఇంకో మాట, ఆ హోటల్లోవాళ్ళు కూడా పై ప్రశ్న అడిగిన లెస్టర్ అబ్బాయిలాగే, పాజిటివ్ వస్తే వెనక్కి పంపేస్తారని భయపడి టీబీ పరీక్షకి వెళ్ళకపోవచ్చు. కాగితాలు ఉన్నా లేకపోయినా అక్కడ టీబీ వైద్యం అందరికీ ఉచితం. వాళ్ళ భాష తెలిసిన మనిషిని కూడా జీపీ ఆఫీసు ఉచితంగా ఏర్పాటు చేస్తుంది, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి. ఎవరైనా భయపడుతూ కనిపిస్తే మీ తమ్ముడిని ఈ మాట చెప్పమనండి.