కొత్త ఫ్లడ్ మ్యాప్‌లో మన ఇల్లు పడితే అమ్మేయాలా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటున్నాం. 2021లో ఇల్లు కొన్నాం. లోన్ ఇంకా 3,10,000 డాలర్లు ఉంది, వడ్డీ 2.875 శాతం. ఇప్పుడు అమ్మితే 4,80,000 దాకా వస్తుందంటున్నారు. కొనేటప్పుడు ఇల్లు వరద ముప్పు తక్కువున్న ఎక్స్ జోన్‌లో ఉందని, ఫ్లడ్ ఇన్సూరెన్స్ అక్కర్లేదని చెప్పారు. పోయిన నెల కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త ప్రిలిమినరీ మ్యాప్‌లో మా ఇల్లు ఏఈ జోన్‌లోకి వస్తోందట. అది ఖాయమయ్యేలోపే అమ్మేద్దామని నాకుంది. మ్యాప్ వచ్చాక చూద్దాంలే అని మా వారంటున్నారు. అత్తయ్య, మామయ్య వచ్చి ఉండటానికి కింద ఒక గది, బాత్‌రూమ్ కట్టించాలని కూడా అనుకున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: మీరు కంగారు పడటంలో తప్పు లేదు. కానీ అమ్మాలా వద్దా అన్నది ఈ రోజు తేల్చగలిగే విషయం కాదు. మీ ఇంటి గోడను తాకే నేల ఎంత ఎత్తులో ఉంది అన్న ఒక్క అంకె మీద మీ నిర్ణయాలన్నీ ఆధారపడి ఉన్నాయి. ఆ అంకె మీ దగ్గర ఇంకా లేదు. అందుకే రియల్టర్‌కి ఫోన్ చేసే ముందు లైసెన్స్ ఉన్న ల్యాండ్ సర్వేయర్‌కి ఫోన్ చేయండి.

ఏఈ జోన్ అంటే, ఏ సంవత్సరమైనా వరద వచ్చే అవకాశం కనీసం 1 శాతం ఉందని ఫెమా (వరద మ్యాప్‌లు తయారుచేసే ఫెడరల్ సంస్థ) లెక్కగట్టిన ప్రాంతం. వినడానికి చిన్న అంకె. 30 ఏళ్ల లోన్ కాలానికి లెక్క వేస్తే అది 26 శాతం అవుతుంది. అలాంటి వరదలో నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో కూడా మ్యాప్‌లో ఉంటుంది. దాన్ని బేస్ ఫ్లడ్ ఎలివేషన్ అంటారు. సర్వేయర్ వచ్చి మీ ఇంటి చుట్టూ నేల ఎత్తు, లోపలి ఫ్లోర్ ఎత్తు కొలిచి ఎలివేషన్ సర్టిఫికెట్ ఇస్తారు. దానికి కొన్ని వందల డాలర్లు ఖర్చవుతుంది. ఇంటిని తాకే నేలలో అతి తక్కువ ఎత్తున్న చోటు కూడా బేస్ ఫ్లడ్ ఎలివేషన్‌తో సమానంగానో పైనో ఉంటే, మ్యాప్‌లో రంగు పడినా మీ ఇంటిని హై రిస్క్ జోన్ నుంచి తప్పించమని ఫెమాను అడగవచ్చు. దీనికి ఫెమా ఇచ్చే ఉత్తరాన్ని లోమా అంటారు. ఫెమా దీనికి ఫీజు తీసుకోదు. కాగితాలన్నీ అందాక మామూలుగా 60 రోజుల్లో తేలుస్తుంది. గ్యారేజ్, ఇంటికి ఆనుకున్న డెక్ దగ్గర నేలను కూడా లెక్కలోకి తీసుకుంటారు. చాలామందికి ఇంచుల తేడాతో లోమా రాకుండా పోయేది అక్కడే. కాబట్టి ఆ మూలలు కూడా కొలవమని సర్వేయర్‌కి ముందే చెప్పండి.

మీది బిల్డర్ మట్టి పోసి ఎత్తు పెంచిన లేఔట్ అయితే దారి కాస్త వేరు. దానికి ఫీజు ఉంటుంది. అయితే బిల్డరే అప్పట్లో అలాంటి ఉత్తరం తెచ్చి ఉండొచ్చు. కొత్త మ్యాప్ వచ్చినప్పుడు పాత ఉత్తరాల్లో ఏవి చెల్లుతాయి, ఏవి రద్దవుతాయి అన్న జాబితాను ఫెమా ప్రిలిమినరీ మ్యాప్‌తో పాటే కౌంటీకి ఇస్తుంది. కౌంటీలో వరద నియమాలు చూసే ఫ్లడ్‌ప్లెయిన్ అడ్మినిస్ట్రేటర్ ఆఫీసులో అడిగి అందులో మీ లేఔట్ పేరుందేమో చూడండి.

ఇక సమయం. ప్రిలిమినరీ మ్యాప్ అంటే ఇంకా అమల్లోకి రాని మ్యాప్. నోటీసు ప్రచురించాక 90 రోజులు అప్పీల్ గడువు ఉంటుంది. అభ్యంతరాలన్నీ ముగిశాక ఫెమా తుది నిర్ణయాన్ని ఉత్తరంగా పంపుతుంది. దాని తర్వాత ఆరు నెలలకు మ్యాప్ అమల్లోకి వస్తుంది. "మా వీధిలో ఎప్పుడూ నీళ్లు నిలవలేదు" అని రాస్తే అప్పీల్‌గా తీసుకోరు. సర్వే కొలతలు, ఇంజినీర్ లెక్కలు కావాలి, అవి కూడా కౌంటీ ద్వారానే వెళ్లాలి. ఇరుగుపొరుగు నలుగురు కలిసి ఒకే ఇంజినీర్‌ని పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. మీ వారన్నట్టు మ్యాప్ వచ్చేదాకా ఆగితే పోయేది ఈ 90 రోజుల అవకాశమే. అందుకే ఆయన మాటతో నేను ఏకీభవించను. మీ కౌంటీలో ఆ గడువు ఏ తేదీన మొదలైందో, ఏ తేదీన ముగుస్తుందో రేపే కనుక్కోండి.

మ్యాప్ అమల్లోకి వచ్చి, లోమా లేకపోతే, లోన్ ఉన్నవాళ్లు ఫ్లడ్ ఇన్సూరెన్స్ తీసుకోక తప్పదు. 1973 నుంచి ఉన్న ఫెడరల్ చట్టం ఇది. ఎంతకు తీసుకోవాలంటే, లోన్ బ్యాలెన్స్, ఎన్‌ఎఫ్‌ఐపీ (ఫెడరల్ ప్రభుత్వ ఫ్లడ్ ఇన్సూరెన్స్ పథకం) ఇచ్చే గరిష్ఠ కవరేజి 2,50,000 డాలర్లు, స్థలం విలువ తీసేసి ఇంటిని తిరిగి కట్టడానికయ్యే ఖర్చు, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అంతకు. తిరిగి కట్టే ఖర్చు అంతకంటే తక్కువ కాకపోతే, మీ విషయంలో అది 2,50,000 అవుతుంది. లెండర్ నుంచి నోటీసు వచ్చాక 45 రోజుల్లో పాలసీ చూపించకపోతే, వాళ్లే ఒకటి తీసుకుని ఖర్చు మీ మీద వేస్తారు. అలాంటి పాలసీ మామూలు దానికంటే చాలా ఖరీదు. దయచేసి అక్కడిదాకా రానివ్వకండి.

ఇక్కడ చాలామందికి తెలియని మార్పు ఒకటుంది. 2021 అక్టోబర్ నుంచి ఎన్‌ఎఫ్‌ఐపీ ప్రీమియం జోన్‌ను బట్టి లెక్కగట్టడం లేదు. మీ ఇల్లు నీళ్లకు ఎంత దూరం, ఎంత ఎత్తు, పునాది ఎలాంటిది, తిరిగి కట్టాలంటే ఎంతవుతుంది అన్నవి చూసి లెక్కగడుతున్నారు. అంటే ఏఈ జోన్ అనగానే మీరు భయపడే ప్రీమియం రావాలనేం లేదు. ఎక్స్ జోన్‌లో ఉండి ఇప్పుడు కొన్నా లెక్క ఇంచుమించు అదే. జోన్ మారితే కొత్తగా వచ్చిపడేది లెండర్ బలవంతం. ఎలివేషన్ సర్టిఫికెట్ ఇస్తే ప్రీమియం తగ్గే అవకాశం కూడా ఉంది, తగ్గకపోతే ఇవ్వనక్కర్లేదు.

కొత్తగా హై రిస్క్ జోన్‌లోకి వచ్చిన ఇళ్లకు, మ్యాప్ అమల్లోకి వచ్చిన 12 నెలల్లోపు పాలసీ తీసుకుంటే డిస్కౌంట్ ఉంటుంది. మొదట తక్కువతో మొదలై ఏడాదికి 18 శాతం మించకుండా పెరుగుతూ అసలు రేటుకు చేరుతుంది. పాలసీ తెగకుండా కట్టుకుంటూ రావాలి. తర్వాత ఎప్పుడైనా ఇల్లు అమ్మితే ఆ పాలసీని డిస్కౌంట్‌తో సహా కొన్నవాళ్ల పేరు మీదకు మార్చవచ్చు. ప్రైవేట్ ఫ్లడ్ పాలసీలు కూడా ఉన్నాయి, కొన్నిసార్లు చవక, 2,50,000 కంటే ఎక్కువ కవరేజి ఇస్తాయి. కానీ వాళ్లు మరుసటి ఏడాది రెన్యూ చేయకపోతే, తిరిగి ఎన్‌ఎఫ్‌ఐపీకి వచ్చేసరికి ఆ పాత డిస్కౌంట్ ఉండదు. ప్రైవేట్‌లోకి దూకే ముందు ఇది ఆలోచించుకోవాలి.

మరి ఇప్పుడే కొనాలా, ఆగాలా? ఏజెంట్ దగ్గర రెండు కోట్‌లూ తీసుకోండి: ఇప్పుడు మొదలుపెడితే ఎంత, మ్యాప్ వచ్చాక డిస్కౌంట్‌తో ఎంత. తేడా మీరు భరించగలిగేదైతే ఇప్పుడే తీసుకోమంటాను. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో మునిగిన ఇళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ 1 శాతం వరద జోన్ బయటివే. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టానికి పైసా ఇవ్వదు. కొత్త లెక్కలు వేసి మీ వీధికి నీళ్లొచ్చే అవకాశం ఉందని చెప్పాక, మ్యాప్ మీద ముద్ర పడేదాకా ఇంటిని ఖాళీ చేతులతో వదలడం నాకు నచ్చదు. పైగా మామూలుగా కొన్న పాలసీ 30 రోజుల తర్వాతే మొదలవుతుంది. తుఫాను గల్ఫ్‌లోకి వచ్చిందని టీవీలో చూశాక కొంటే పనికిరాదు. హరికేన్ సీజన్ జూన్ 1న మొదలవుతుంది.

కొనేటప్పుడు కాంటెంట్స్ కవరేజి, అంటే ఇంట్లో సామానుకు, విడిగా అడిగి తీసుకోండి, అది దానంతటది రాదు. దాని పరిమితి 1,00,000 డాలర్లు. మన ఇళ్లలో బంగారం ఉంటుంది కాబట్టి ఇదీ చెప్పాలి: నగలన్నిటికీ కలిపి ఎన్‌ఎఫ్‌ఐపీ ఇచ్చేది 2,500 డాలర్లే. నగదుకు, విలువైన కాగితాలకు అసలు ఇవ్వదు. పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు, ఇమ్మిగ్రేషన్ ఫైళ్లు పై అంతస్తుకు మార్చేయండి, నగలు లాకర్‌లో పెట్టండి. కార్లు కూడా ఈ పాలసీలోకి రావు, ఆటో పాలసీలో కాంప్రిహెన్సివ్ ఉండాలి. ఇల్లు మునిగితే హోటల్‌లో ఉండటానికయ్యే ఖర్చు కూడా ఇవ్వరు. అందుకని మూడు నెలల అద్దెకు సరిపడా డబ్బు మీ ఎమర్జెన్సీ ఫండ్‌లో అదనంగా ఉంచండి.

ఇప్పుడు అమ్మకం సంగతి. కోట్ ఏడాదికి 1,800 డాలర్లు వచ్చిందనుకుందాం. నెలకు 150. మీ ఇంటిని 4,80,000కి అమ్మితే ఖర్చులు 5 శాతమే అనుకున్నా 24,000 పోతాయి. అంటే 13 ఏళ్ల ప్రీమియం. దానికి తోడు 2.875 శాతం లోన్ వదులుకుంటారు. అంతే మొత్తాన్ని 6.5 శాతానికి మళ్లీ తీసుకుంటే మొదటి ఏడాదే వడ్డీ సుమారు 11,000 డాలర్లు ఎక్కువ. ప్రీమియం నేననుకున్నదానికి రెండింతలైనా, డబ్బు కోణంలో ఈ అమ్మకం నిలబడదు. అమ్మడానికి సరైన కారణం ఒకటే ఉండొచ్చు: సర్వేలో మీ ఫ్లోర్ బేస్ ఫ్లడ్ ఎలివేషన్‌కి బాగా కిందుందని తేలడం. అడుగో రెండడుగులో నీళ్లు ఇంట్లోకి వస్తాయని తెలిస్తే అప్పుడు మీ ఆలోచన సరైనదే, నేనూ అమ్మమనే అంటాను. కానీ మ్యాప్ ఖాయమయ్యేలోపు గుట్టుగా అమ్మేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఇల్లు అమ్మేవాళ్లు నింపి ఇవ్వాల్సిన టెక్సస్ సెల్లర్స్ డిస్‌క్లోజర్‌లో 2019 నుంచి వరద ప్రశ్నలు పెరిగాయి, ప్రిలిమినరీ మ్యాప్ ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసేదే. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఇంట్లోకి పిల్లలతో వచ్చే ఇంకో కుటుంబం ఉంటుంది. ఉత్తరం వాళ్లకు చూపించే అమ్మండి.

ఏఈ జోన్‌లో పడితే మీకో చిన్న ఊరట: ఏటా ప్రాపర్టీ ట్యాక్స్ వాల్యుయేషన్ మీద ప్రొటెస్ట్ వేసేటప్పుడు ఆ మ్యాప్‌ను, సర్వేను జత చేయవచ్చు. మామూలుగా మే 15 గడువు.

చివరికి అత్తయ్యగారి వాళ్ల గది. వరద జోన్‌లో ఉన్న ఇంటికి చేసే పని ఖర్చు, స్థలం కాకుండా ఇంటి మార్కెట్ విలువలో 50 శాతానికి చేరినా, దాటినా, ఇల్లంతా కొత్త ఎత్తు నియమాలకు తేవాల్సి వస్తుంది. ఒక గదికి మామూలుగా అంత కాదు. కానీ కొన్ని చోట్ల గత కొన్నేళ్లలో చేసిన పనులన్నీ కలిపి లెక్కేస్తారు, కొన్ని కౌంటీలు ప్రిలిమినరీ మ్యాప్‌నే పర్మిట్‌లకు వాడతాయి. కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ రెండూ పర్మిట్ ఆఫీసులో అడిగి రాతలో తీసుకోండి. వీలుంటే ఆ గది పై అంతస్తులో వేసే మార్గం చూడండి. మామయ్యగారికి మోకాళ్ల వల్లో, మరే కారణం వల్లో మెట్లు కష్టమైతే కిందే కట్టండి, కానీ ఫ్లోర్‌ను బేస్ ఫ్లడ్ ఎలివేషన్ కంటే కనీసం అడుగు పైకి లేపి, బయటి నుంచి ర్యాంప్ పెట్టించండి. రాత్రిపూట నీళ్లొస్తే ఇంట్లో అందరికంటే నెమ్మదిగా కదిలేది వాళ్లే.