కొవ్వొత్తి కరిగించి చైన్‌కి పోయొచ్చు, కానీ ముందు చైన్ కడగాలి

మీరు అడిగింది ఇదే కదా. కొత్తగా గేర్ సైకిల్ కొన్నారు, వారానికి ఓ 100 కిలోమీటర్లు తొక్కుతున్నారు, తోటి రైడర్ ఒకాయన చైన్‌కి వ్యాక్స్ పెట్టమంటున్నాడు, షాపువాడేమో గ్రీజు రాసిస్తా అంటున్నాడు, ఇంట్లో ఉన్న కొవ్వొత్తులు కరిగించి పోసేస్తే పోలా అని మీ డౌటు. ఈ మూడూ చేసి మూడింట్లోనూ ఏదో ఒకటి చెడగొట్టుకున్నవాణ్ణి నేను, అందుకే కాస్త వివరంగానే రాస్తున్నా.

మాది వైజాగ్. ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి భీమిలి పోయి రావడం, రానూపోనూ 50 చిల్లర, ఓపికుంటే దారిలో తొట్లకొండ ఎక్కడం, ఇదీ నా తొక్కుడు. ఒక పక్క ఉప్పుగాలి, ఇంకో పక్క రోడ్డు మీదకి కొట్టుకొచ్చే ఇసక. మీ ఊళ్ళో సముద్రం లేకపోవచ్చు గానీ దుమ్ముకైతే కొదవుండదు కదా.

ముందు గ్రీజు సంగతి. నా 9 స్పీడ్ (అంటే వెనక 9 గేర్లున్న) బండిని మొదటిసారి సర్వీసుకిస్తే అక్కడి కుర్రాడు బ్రష్షు పెట్టి చైన్ మొత్తానికి గ్రీజు దట్టంగా పట్టించి ఇచ్చాడు. చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంది, నేనూ సంతోషంగా తెచ్చుకున్నా. మూడు రైడ్లు అయ్యేసరికి చైన్ మీద నల్లటి ముద్ద, కొంచెం తీసి వేళ్ళ మధ్య రుద్ది చూస్తే గరగరలాడుతోంది, అచ్చంగా ఎమరీ పేపర్ అరగదీసి నూనెలో కలిపినట్టు. దాంతోనే నేను పెడలేస్తున్నా అన్నమాట. పాపం ఆ కుర్రాడి తప్పు కూడా కాదు, వాడు నేర్చుకున్న సైకిళ్ళు వేరు.

మా నాన్నకి అట్లాస్ సైకిల్ ఉండేది. కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి ఏళ్ళ తరబడి తొక్కాడు, ఇప్పటికీ నా హడావుడి చూసి నవ్వుతాడు. నేను వాదించను, ఎందుకంటే దానికి చైన్ మొత్తం మూసేసే కవర్ ఉండేది, దుమ్మే పడదు, పైగా గేర్లు లేవు కాబట్టి వెడల్పాటి చైన్ ఎప్పుడూ తిన్నగానే తిరిగేది. మన గేర్ సైకిల్ చైన్ సన్నం, పక్కకి వంగి తిరుగుతది, పైగా పూర్తిగా బయటే ఉంటది. ఆ వైద్యం దీనికి పనిచేయదు.

అసలు చైన్ ఎక్కడ అరుగుతదో తెలిస్తే సగం డౌట్లు పోతాయి. బయట కనిపించే ప్లేట్లు కాదు అరిగేవి. ప్రతి కీలు దగ్గరా లోపల ఒక పిన్ను ఉంటది, దాని మీద లోపలి ప్లేటు తిరుగుతది, ఆ పైన రోలర్. అరుగుదల అంతా ఆ పిన్ను దగ్గరే. ఒక పిన్నుకీ ఇంకో పిన్నుకీ మధ్య దూరం అరంగుళం, ఒక చైన్‌లో ఇలాంటి కీళ్ళు నూట చిల్లర ఉంటాయి, ఒక్కోటీ వెంట్రుకవాసి అరిగినా మొత్తం కలిపి చైన్ పొడవు పెరుగుతది. దాన్నే మనం చైన్ సాగింది అంటాం, నిజానికి ఇనుమేం సాగదు. పొడవు పెరిగిన చైన్ వెనక కేసెట్ (వెనక చక్రానికుండే గేర్ల పళ్ళ చక్రాల గుత్తి) పళ్ళని కూడా తినేస్తది, అక్కడ పడుతుంది బిల్లు. కాబట్టి జిడ్డు కావాల్సింది లోపల పిన్ను దగ్గర, బయట ఎంత పొడిగా ఉంటే అంత మంచిది. గ్రీజు పైపైన పూస్తే సరిగ్గా దీనికి రివర్సు, లోపలికి వెళ్ళదు, బయట మాత్రం దుమ్ముని పిలిచి కూర్చోబెడుతుంది.

అరుగుదల చూడ్డానికి చెకర్ అని చిన్న టూల్ దొరుకుతుంది, లేకపోతే వడ్రంగి స్టీలు టేపు చాలు. టేపు కొస కొక్కెం కొంచెం లూజుగా ఉంటది కాబట్టి అక్కణ్ణుంచి కాకుండా 1 అంగుళం గీత దగ్గర ఒక పిన్ను మధ్యని పెట్టి అక్కణ్ణుంచి 24వ పిన్ను చూడండి. కొత్త చైన్ అయితే కరెక్టుగా 13 దగ్గరకి వస్తది. అంగుళంలో పదహారో వంతు దాటి కనిపిస్తే చైన్ మార్చేయండి, ఎనిమిదో వంతు దాకా ఆగారంటే కేసెట్‌కి కూడా డబ్బులు తీసి పెట్టుకోండి. నా మొదటి చైన్ 2,800 కిలోమీటర్లకే ఆ మొదటి గీత దాటేసింది.

ఇక వ్యాక్స్. మీ కొవ్వొత్తుల ప్రశ్నకి జవాబు, మామూలు తెల్ల కొవ్వొత్తి అయితే ఒత్తి తీసేసి వాడొచ్చు, రంగువి, సెంటువి వద్దు. కానీ కొవ్వొత్తుల్లో గట్టిపడ్డానికి వేరేవి కూడా కలుపుతారు, కెమికల్స్ అమ్మే షాపులో పారఫిన్ వ్యాక్స్ కిలోల లెక్కన దొరుకుతుంది, అర కిలో తెచ్చుకుంటే చాలా రోజులొస్తది.

నేను చేసిన పెద్ద తప్పు ఏంటంటే కొత్త చైన్‌ని ప్యాకెట్‌లోంచి తీసి డైరెక్టుగా వ్యాక్స్‌లో ముంచేశా. కొత్తదే కదా, శుభ్రంగానే ఉంది కదా అని. ఫ్యాక్టరీలో పట్టించిన గ్రీజు మీద వ్యాక్స్ నిలబడదు. 60 కిలోమీటర్లకే పెచ్చులూడి, రుషికొండ దగ్గరకొచ్చేసరికి కిచకిచమని ఒకటే గోల, పక్కన వాకింగ్ చేసేవాళ్ళు తిరిగి చూస్తున్నారు. ఈ పద్ధతిలో కష్టమంతా ఈ కడుగుడులోనే ఉంది, అదీ మొదటిసారికే.

పెయింట్ షాపుకెళ్ళి ఎంటీవో అడగండి, అంటే పెయింటర్లు వాడే టర్పెంటైన్. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో చైన్ వేసి అది పోసి బాగా కుదిపి ఓ అరగంట వదిలేయండి. మొదటిసారి టీ డికాషన్ రంగులో వస్తది. దాన్ని ఒక సీసాలోకి వంపేసి మళ్ళీ కొత్తది, అలా మూడు నాలుగు సార్లు, పోసింది పోసినట్టే తేటగా ఉండేదాకా. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి, ఎందుకంటే ఎంటీవో కూడా సన్నటి జిడ్డు వదులుతుంది. తర్వాత పూర్తిగా ఆరాలి. ఇదంతా బాల్కనీలోనో మేడ మీదో చేయండి, దగ్గర్లో స్టవ్వూ సిగరెట్టూ ఏవీ ఉండకూడదు, పెట్రోల్‌తో అయితే అసలే వద్దు. వాడిన ఎంటీవోని సింకులో పోయకండి, సీసాలో ఒక రాత్రి ఉంచితే మురికి అడుక్కి దిగుతది, పైన తేట మళ్ళీ మొదటి కడుగుకి పనికొస్తది.

వ్యాక్స్ కరిగించడం దగ్గర కూడా ఒక గండం తప్పింది. స్టీలు గిన్నెలో వేసి డైరెక్టుగా గ్యాస్ మీద పెట్టి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా. వ్యాక్స్ నీళ్ళలా మరిగి హెచ్చరించదు, ఊరికే వేడెక్కుతూ పోయి పొగలు మొదలవుతాయి, ఇంకాస్త ఉంటే అంటుకునేదే. అంటుకుంటే నీళ్ళు చల్లకూడదు, మంట ఎగదన్నుతుంది, స్టవ్ ఆపి మూత పెట్టేయాలి. మా ఇంటావిడ ఆ రోజు అన్న మాటలు ఇక్కడ రాయను. కానీ దారి చూపించింది కూడా ఆవిడే, పాత పాల కుక్కర్ తెచ్చి ఇచ్చింది, గోడ మధ్యలో నీళ్ళు పోసి విజిల్ పెట్టేది ఉంటుందే, అది. లోపలి వేడి, నీళ్ళు మరిగే వేడిని మించి పెద్దగా పోదు, పారఫిన్ 60 డిగ్రీలు అటూఇటూలోనే కరిగిపోతుంది కాబట్టి అది చాలు. అయితే మళ్ళీ దాంట్లో పాలు కాచే ఆలోచన మానుకోండి. మాదాని మీద మార్కర్‌తో పెద్దగా 'చైన్' అని రాసి ఉంటది.

వ్యాక్స్ నీళ్ళంత పల్చగా అయ్యాక చైన్‌ని పాత స్పోకు వంచిన కొక్కానికి తగిలించి దించండి. దించగానే చిన్న చిన్న బుడగలు పైకొస్తాయి, అంటే రోలర్ల లోపలున్న గాలి బయటికొచ్చి దాని చోట్లోకి వ్యాక్స్ వెళ్తోందన్నమాట. నాకు ఈ మొత్తం పనిలో బాగా నచ్చేది ఇదే, పావుగంట అలా చూస్తూ కూర్చుంటా. మధ్య మధ్యలో కొక్కెం పట్టి ఆడించండి. బుడగలు ఆగాక స్టవ్ ఆపి, అంచుల దగ్గర వ్యాక్స్ కొంచెం తెల్లబడే దాకా ఆగి అప్పుడు తీయండి, మరీ వేడి మీద తీస్తే అంతా కారిపోతుంది. వేలాడదీస్తే చల్లారాక కర్రలా బిగుసుకుపోతది, కంగారు పడొద్దు, బాల్కనీ పైపుకి వేసి అటూ ఇటూ లాగితే టకటకమని ఒక్కో కీలూ విడిపోతుంది. కింద న్యూస్‌పేపర్ వేసుకోండి, రవ్వలు రాలతాయి.

తిరిగి ఎక్కించేటప్పుడు వెనక డిరైలర్‌లో, అంటే గేర్లు మార్చే భాగంలో, ఆ రెండు చిన్న చక్రాల మధ్య ఒక ఇనుప నాలుక ఉంటది చూసుకోండి, దాని సరైన పక్కనుంచే చైన్ పోవాలి. నేను ఒకసారి రాంగ్ సైడ్ పెట్టి కైలాసగిరి డౌన్ దాకా రుద్దుకుంటూ వెళ్ళా, వ్యాక్స్ పాడైందనుకుని దాన్ని తిట్టుకుంటూ. ఊడదీసే ముందే ఫోటో తీసి పెట్టుకుంటే ఈ గోల ఉండదు.

ఇంత చేస్తే ఏంటి లాభం అంటారా. ఒక్క చుక్క జిడ్డుండదు, చైన్ పట్టుకున్నా చెయ్యి నల్లగా అవ్వదు, ఇసక అంటుకోకుండా రాలిపోతుంది. ఇప్పుడున్న చైన్ 5,000 కిలోమీటర్లు దాటింది, టేపు పెడితే ఇంకా ఆ పదహారో వంతు రాలేదు. 250, 300 కిలోమీటర్లకొకసారి మళ్ళీ ముంచాలి, కానీ ఈసారి ఎంటీవో అక్కర్లేదు, మరిగే నీళ్ళు పోసి పాత వ్యాక్స్, మురికి కడిగేసి బాగా ఆరబెట్టి ముంచడమే. రెండు చైన్లు పెట్టుకుని ఒకేసారి ముంచుకుంటే ఇంకా హాయి.

కానీ వానకి వ్యాక్స్ ఆగదు. ఒక గంట వానలో తొక్కొచ్చి అలాగే పార్క్ చేస్తే పొద్దున్నకి నారింజ రంగు తుప్పు, మా ఊరి ఉప్పుగాలికి ఇంకా త్వరగా. అందుకని జూన్ నుంచి తుపాన్ల సీజన్ అయ్యేదాకా నేను ఇంకో చైన్ మీద వెట్ లూబ్ (వానకి త్వరగా కొట్టుకుపోని చిక్కటి ఆయిల్) వాడతా, ఎండలు ముదిరే ముందు మళ్ళీ వ్యాక్స్ చైన్ ఎక్కిస్తా. వ్యాక్స్ చేసిన చైన్ మీద మాత్రం ఆయిల్ వేయకండి, వేశారంటే మళ్ళీ ఆ కడుగుడు మొదటి నుంచీ.

ఆయిల్ వేసేవాళ్ళు కూడా బాగానే వేయొచ్చు, అందులో తప్పేం లేదు. కింది వైపు చైన్ మీద ఒక్కో రోలర్‌కి ఒక్కో చుక్క, పెడల్ వెనక్కి నిదానంగా తిప్పాలి, రాత్రంతా వదిలేసి పొద్దున్నే పాత బనీను గుడ్డతో చైన్ పొడిగా అనిపించేదాకా తుడవాలి. ఈ తుడుపే చాలామంది చేయరు. డిస్క్ బ్రేకులుంటే స్ప్రే డబ్బాలు ఆ దరిదాపుల్లోకి రానీయకండి, రోటర్ (ఆ బ్రేకు పట్టుకునే ఇనుప బిళ్ళ) మీద పడితే బ్రేక్ పోతుంది. డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికీ తడి తరమడానికీ మంచిదే, దాన్నే లూబ్ అనుకుని వదిలేస్తే రెండ్రోజుల్లో చైన్ ఎండిపోతుంది. బైకుల్లోంచి తీసిన వాడేసిన ఇంజిన్ ఆయిల్ ఫ్రీగా వస్తది కదా అని పోయకండి, దాంట్లో మసీ లోహం పొడీ ఉంటాయి.

మీ లెక్కకి, వారానికి 100 అంటున్నారు కాబట్టి మూడు వారాలకోసారి ఒక అరపూట తీరిక దొరికితే వానలు లేనన్నాళ్ళూ వ్యాక్స్ పెట్టుకోండి. అంత ఓపిక లేదంటే సీసాలో వచ్చే డ్రిప్ వ్యాక్స్ ఉంది, అదైనా శుభ్రంగా కడిగిన చైన్ మీదే, వేసి రాత్రంతా ఆరనివ్వాలి. షాపుకి ఇచ్చేటప్పుడు చైన్ ముట్టుకోవద్దని చెప్పండి, నేనైతే నమ్మకం లేక చైన్ ఊడదీసి ఇంట్లో పెట్టి బండి తోసుకెళ్తా.

ఇదంతా మీ చైన్‌కి మిస్సింగ్ లింక్, అంటే చైన్‌ని సులువుగా విడదీసి మళ్ళీ కలిపే లింక్, ఉంటేనే సులువు. చైన్ తిప్పుతూ చూడండి, ఒక్క లింక్ మాత్రం మిగతావాటికన్నా తేడాగా, ప్లేటు మీద సన్నటి పొడుగాటి గాడితో కనిపిస్తే అదే. కొన్ని 11, 12 స్పీడ్ లింకులు ఒక్కసారికే, మళ్ళీ వాడకూడదు, ప్యాకెట్ మీద రాసుంటది. మీ బండి ఎన్ని స్పీడో, ఆ లింక్ ఉందో లేదో చూసి కింద రాయండి, లేకపోతే ఏ టూల్‌తో ఊడదీయాలో చెప్తా.