ఘాజీని ఎవరు ముంచారు? ఆ రాత్రి విశాఖలో చప్పుడు విన్నవాడి జవాబు

ప్రశ్న: “1971లో విశాఖ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని మన నేవీయే ముంచిందా, తనంతట తనే పేలిపోయిందా? సినిమాలో చూపించినట్టు మన సబ్‌మెరైన్‌తో పోరాటం జరిగిందా? శకలాలు ఇంకా అక్కడే ఉన్నాయా? అప్పట్లో విశాఖలో ఉన్నవాళ్లెవరైనా చెప్పగలరా?”

సినిమా సంగతి ముందు తేల్చేస్తాను. నీళ్లకింద మన సబ్‌మెరైన్‌కీ ఘాజీకీ యుద్ధమేదీ జరగలేదు. మన సబ్‌మెరైన్ ఖండేరి అప్పుడు బంగాళాఖాతం వైపే ఉంది కానీ ఈ కథలో దాని పాత్ర లేదు. నేవీ చెప్పే కథలో ఉన్నది రాజ్‌పుత్ అనే ముసలి యుద్ధనౌక, డిస్ట్రాయర్ రకం.

మిగతా ప్రశ్నలకు జవాబు కొంచెం పొడుగవుతుంది. ఆ చప్పుడు నేను విన్నాను. పైగా నా ఉద్యోగమంతా బ్యాటరీ గదుల్లో గడిచింది. ఈ రెండో ముక్క ఎందుకు చెప్తున్నానో కిందకి వెళ్తే తెలుస్తుంది.

అప్పుడు నాకు పదకొండేళ్లు. వన్‌టౌన్‌లో కోటవీధి దగ్గర పెంకుటిల్లు మాది. డిసెంబరు 3, శుక్రవారం. సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పడమటి వైపు మన విమానాశ్రయాల మీద బాంబులేశాయి. ఊళ్లో దీపాలన్నీ ఆర్పేశారు. మా కిటికీలకి అమ్మ నల్ల కాగితం అంటించింది, అన్నం మెతుకులతో. ఇందిరాగాంధీ మాట్లాడుతుందని నాన్న రేడియో ముందు కూచున్నారు. నేను నాయనమ్మ పక్కలో పడుకుని నిద్ర నటిస్తున్నాను.

అర్ధరాత్రి దాటి పావుగంటయిందో ఏమో, ఒక్కసారి ఇల్లంతా అదిరింది. మామూలు చప్పుడులా చెవికి తగల్లేదు, నేలలోంచి మంచంకోళ్ల గుండా ఎక్కింది. తలుపు గొళ్లెం దానంతటది గలగలలాడింది, అటక మీంచి మట్టి రాలింది. నాన్న “భూకంపం” అన్నారు. నాయనమ్మ మాత్రం లేచి కూచుని, “మళ్లీ వచ్చాడ్రా జపానోడు” అంది. తప్పేం లేదు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేసినప్పుడు ఆవిడ పిల్లల్ని చంకనేసుకుని ఊరొదిలి పరిగెత్తిన మనిషి. ఆ తర్వాత ఆవిడకి ఏ పెద్ద చప్పుడైనా జపానోడే.

మర్నాడు పొద్దున చేపలమ్మే అప్ప రోజూకన్నా ఆలస్యంగా వచ్చింది. తట్టలో నాలుగు కవళ్లు తప్ప ఏమీ లేవు. “సేపల్నేవమ్మా, సంద్రం మీదంతా నూనే” అంది. వాళ్లాయన తెప్ప మీద వెళ్లి ఏవో సామాన్లు ఏరుకొచ్చాడట, నేవీవాళ్లు వచ్చి మొత్తం పట్టుకెళ్లిపోయారట. ఆవిడ చీర కుచ్చెళ్ల అంచు నల్లగా ఉంది. ముట్టుకుంటే జిడ్డు, డీజిల్ వాసన. నేను చూసిన ఘాజీ అంతే, ఒక చీర అంచు మీద మరక. అది ఘాజీ అని తెలిసింది మరో అయిదు రోజులకి, 9వ తేదీన ప్రభుత్వం ప్రకటించాక.

ఇక ఆ సబ్‌మెరైన్ సంగతి. అది అమెరికా వాళ్ల డయాబ్లో. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1945 మార్చిలో వాళ్ల నేవీలో చేరింది. 1963లో పాకిస్తాన్‌కి అద్దెకిచ్చారు. మన ఉపఖండంలో ఎవరికైనా ఉన్న మొదటి సబ్‌మెరైన్ అదే. మన మొదటి సబ్‌మెరైన్ కల్వరి 1967 డిసెంబరులో గానీ నేవీలో చేరలేదు. అంటే 1965 యుద్ధంలో వాళ్లకి ఇదొకటి ఉంది, మనకి ఏదీ లేదు. బొంబాయి వైపు తిరిగి, మన యుద్ధనౌక బ్రహ్మపుత్రని టార్పెడోతో, అంటే నీళ్లకింద దూసుకెళ్లే బాంబుతో, కొట్టామని చెప్పుకున్నారు. బ్రహ్మపుత్రకి గీత కూడా పడలేదు. తమాషా ఏమిటంటే 1971లో ఘాజీ వెతుక్కుంటూ వచ్చిన మన విమానవాహక నౌక విక్రాంత్‌కి కాపలా కాసిన ఓడల్లో ఆ బ్రహ్మపుత్ర కూడా ఉంది.

1968 తర్వాత ఘాజీని రిపేర్లకి టర్కీ పంపారు. సూయజ్ కాలువ మూసేసి ఉంది కాబట్టి ఆఫ్రికా మొత్తం చుట్టి వెళ్లాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి మైన్లు, అంటే ఓడల్ని పేల్చడానికి నీళ్లలో పెట్టే బాంబులు, పరిచే ఏర్పాటు కూడా దానికి ఉంది. ఈ మైన్ల మాట గుర్తుపెట్టుకోండి.

1971 నవంబరు 14న కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ నాయకత్వంలో కరాచీ నుంచి బయల్దేరింది. పని రెండు రకాలు: విక్రాంత్‌ని ముంచడం, విశాఖ రేవు ముందు మైన్లు పరచడం. అంత దూరం సిలోన్ చుట్టి రాగలిగిన సబ్‌మెరైన్ వాళ్ల దగ్గర ఇదొక్కటే. మిగతావి ఫ్రాన్స్ నుంచి కొన్న చిన్నవి, కొత్తవి. అందుకే పాతికేళ్లు దాటిన దీన్ని పంపారు.

విక్రాంత్‌దీ మంచి స్థితి కాదు. బాయిలర్‌లో పగులు, పూర్తి వేగం అందుకోలేదు. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్ని అండమాన్ల వైపు ఒక మారుమూలకి పంపేసి, ఆ చోటుకి ‘పోర్ట్ ఎక్స్‌రే’ అని మారుపేరు పెట్టారు. చిట్టగాంగ్‌తో పాకిస్తాన్ నేవీ నడిపిన ఒక సిగ్నల్ మనవాళ్ల చేతికి చిక్కింది. అందులో అడిగిన కందెన నూనె సబ్‌మెరైన్లు, మైన్‌స్వీపర్లు తప్ప మామూలు ఓడలు వాడనిది. దాంతో ఘాజీ ఇటే వస్తోందని ఆయన పసిగట్టారు.

తర్వాత ఆడిన నాటకమే ఈ కథలో నాకు బాగా నచ్చేది. రాజ్‌పుత్‌ని సముద్రంలోకి పంపి విక్రాంత్‌లా వైర్‌లెస్‌లో తెగ మాట్లాడించారు. అంత పెద్ద ఓడకి సరిపడా మాంసం, కూరగాయలు కావాలని విశాఖ కాంట్రాక్టర్లకి ఆర్డర్లిచ్చారు, గూఢచారులుంటే వాళ్ల చెవిన పడాలని. విక్రాంత్ నావికుడొకడు జబ్బుగా ఉన్న తల్లి గురించి అడుగుతున్నట్టు రహస్య కోడ్ లేకుండా టెలిగ్రామ్ కూడా నడిపారు. ఇవన్నీ కృష్ణన్ తర్వాత స్వయంగా రాసుకున్నవే. ఆ నవంబరులో పూర్ణా మార్కెట్లో కూరలు మండిపోతున్నాయని మా అమ్మ గొణిగేది. దానికీ అడ్మిరల్‌గారికీ సంబంధం ఉందని నేను ప్రమాణం మాత్రం చెయ్యను.

ఆ నాటకానికే మోసపోయి ఘాజీ విశాఖ వచ్చిందని మనవాళ్లు గట్టిగా చెప్తారు. నాకు సగమే నమ్మకం. మైన్లు పరచమన్న ఆజ్ఞ ఎలాగూ ఉంది కదా, విక్రాంత్ ఉన్నా లేకపోయినా అది ఇక్కడికి రావాల్సిందే.

ఆ రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ రాజ్‌పుత్‌ని రేవు దాటించాడు. ఇదీ రెండో ప్రపంచయుద్ధం నాటిదే, బ్రిటిష్ వాళ్ల రోథర్‌హామ్. అమెరికా సెకండ్‌హ్యాండూ బ్రిటన్ సెకండ్‌హ్యాండూ మన డాల్ఫిన్స్ నోస్ కొండ ముందు ఎదురుపడ్డాయన్నమాట. దారి చూపే పైలట్‌ని దించేశాక నీళ్లలో తేడాగా సుడి కనిపించింది. సబ్‌మెరైన్ అయ్యుంటుందని ఆయన రెండు డెప్త్ చార్జీలు (నీళ్లలో మునిగాక పేలే బాంబులు) వేయించి, ముందుకి సాగిపోయాడు. కొద్ది నిమిషాలకి పెద్ద పేలుడు. మా అటక మీంచి మట్టి రాలింది అప్పుడే.

ఇంతవరకు నేవీ కథ. తర్వాత డైవర్లు దిగి చూస్తే ముందు భాగం పగిలిపోయి ఉంది, ఉక్కు రేకులు బయటి వైపుకి విచ్చుకున్నాయి. డెప్త్ చార్జీ బయట పేలుతుంది కాబట్టి రేకు లోపలికి నొక్కుకుపోవాలి. ఇక్కడే గొడవంతా. లోపల టార్పెడోలో మైన్లో పేలాయని తెలుస్తోంది. ఎందుకు పేలాయన్నదే ప్రశ్న. తను పరిచిన మైనే తగిలిందని పాకిస్తాన్ అంటుంది. ఆ రోజుల్లో నేవీ గూఢచారి విభాగం చూసి, తర్వాత తూర్పు నౌకాదళానికి అధిపతి అయిన మిహిర్ రాయ్, బ్యాటరీల్లోంచి వచ్చిన హైడ్రోజన్ పేలిందన్నారు.

నా సర్వీసు పనికొచ్చేది ఇక్కడ. ముప్ఫయ్యేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో బ్యాటరీలు చూశాను. పాతకాలం లెడ్ యాసిడ్ సెల్స్, 24 వరసగా, ఒక్కోటి 2 వోల్టులు. చార్జింగ్ చివరికొచ్చేసరికి సెల్ లోపల నీళ్లు మరుగుతున్నట్టు బుడగలొస్తాయి. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. అందుకే బ్యాటరీ గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపకూడదు, బీడీ వెలిగించకూడదు.

ఒకసారి చిన్న ఊళ్లో నేనే ఆ ఫ్యాన్ ఆపేశాను. గరగరమని ఒకటే మోత, తలనొప్పి. గంట తర్వాత నట్టు బిగిస్తుంటే స్పానర్ జారి రెండు టెర్మినళ్ల మధ్య పడింది. చిటుక్కుమని నీలం రవ్వ, వెంటనే తుపాకీ పేలినట్టు చప్పుడు. సెల్ మూత ఎగిరి గోడకి తగిలింది. కళ్లజోడు ఉంది కాబట్టి కళ్లు దక్కాయి. వంటసోడా నీళ్లతో మొహం, చేతులు కడుక్కున్నాను. చొక్కా బాగానే ఉందనుకున్నాను, మర్నాడు ఉతికితే జల్లెడలా తేలింది. ఆ పేలింది ఒకే ఒక్క సెల్, నా మోకాలంత ఎత్తుది.

ఘాజీ తరహా సబ్‌మెరైన్లో 252 సెల్స్ ఉంటాయి. ఒక్కోటి నాలుగున్నర అడుగుల ఎత్తు, దాదాపు 750 కిలోలు. అందులో సగం ముందువైపు, టార్పెడో గదికి గోడ అవతలే, మనుషులు పడుకునే గదుల నేల కింద. నీళ్లకింద తిరిగేది ఆ బ్యాటరీల మీదే. రాత్రిపూట పైకి తేలి గానీ, గొట్టం పైకెత్తి గానీ డీజిల్ ఇంజన్లు నడిపి చార్జ్ చేసుకోవాలి. శత్రువు రేవు ముందు దాక్కున్నవాడికి ఆ తీరిక ఎక్కడిది? హడావిడిగా చార్జ్ చేసి మునిగిపోతే ఆ హైడ్రోజన్ లోపలే ఉండిపోవచ్చు. కరాచీ వదిలి అప్పటికి ఇరవై రోజులు. పాత బ్యాటరీలు, పాత ఫ్యాన్లు, నిద్రలేని మనుషులు. నేనైతే రాయ్‌గారి మాట వైపే మొగ్గుతాను. హైడ్రోజన్ పేలి పక్కగదిలోని టార్పెడోలకి అంటుకుని ఉండొచ్చు. రాజ్‌పుత్ వేసిన చార్జీల అదురుకే ఏ స్విచ్చో రవ్వ కొట్టి ఉండొచ్చు కూడా. అలా అయితే రెండు కథలూ నిజమే అవుతాయి, కానీ దాన్ని రుజువు చెయ్యలేం. ఘాజీకి సంబంధించి తూర్పు నౌకాదళం దగ్గరున్న కాగితాలు ఎప్పుడో నాశనం చేసేశారని 2010లో పత్రికలు రాశాయి.

తేదీ మీద కూడా తగువుంది. శకలాలు దొరికాయని కృష్ణన్ 3వ తేదీనే ఫోన్లో చెప్పారని ఆర్మీ తూర్పు కమాండ్‌లో ఉన్న జనరల్ జాకబ్ రాశారు. అదే నిజమైతే రాజ్‌పుత్ బయల్దేరకముందే ఘాజీ మునిగిపోయి ఉండాలి. మరి 3 రాత్రి దాటాక మా ఇల్లు అదిరిందేమిటి? అందుకే ఈ ఒక్క విషయంలో జనరల్‌గారి మాట కన్నా మా అటక మట్టినే నమ్ముతాను.

ఘాజీలో 90 మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. ప్రకటన వచ్చిన 9వ తేదీ రాత్రే అటు డయ్యూ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచేసింది. కెప్టెన్ ముల్లాతో కలిపి 194 మంది పోయారు. ఘాజీ మునిగిందని మా వీధిలో మిఠాయి పంచినాయన రెండ్రోజుల తర్వాత ఆ వార్త విని అరుగు మీద మాట్లాడకుండా కూచోవడం నాకు గుర్తు.

ఇంకో పొరపాటు సరిదిద్దాలి, విశాఖవాళ్లే చేస్తారు. డిసెంబరు 4 నేవీ డే ఘాజీ కోసం కాదు. ఆ రోజు రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ మీద చేసిన దాడి కోసం. బీచ్ రోడ్డులో ఉన్న ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం మాత్రం 1971 యుద్ధం మొత్తానికీ గుర్తుగా 1996లో కట్టారు.

శకలాలు ఇంకా అక్కడే ఉన్నాయి, రేవు నోటికి దగ్గర్లోనే. సబ్‌మెరైన్లలో చిక్కుకున్నవాళ్లని కాపాడే నేవీ వాహనం వాటిని చూసిందని 2024లో వార్తలొచ్చాయి. సముద్రంలో పోయినవాళ్ల సమాధి కాబట్టి ముట్టుకోలేదన్నారు. మామూలు మనుషులు వెళ్లి చూసే చోటు కాదది.

సబ్‌మెరైన్ లోపల ఎలా ఉంటుందో చూడాలంటే ఆర్కే బీచ్‌లో కుర్సురా ఉంది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. సోమవారం సెలవు. ఆదివారం వెళ్తే జనం తోసుకుంటూ బయటికి నెట్టేస్తారు, మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. లోపల చూపించేది రిటైరైన నేవీవాళ్లు. నేను మనవణ్ని తీసుకెళ్లినప్పుడు “బ్యాటరీలు ఎక్కడ బాబూ?” అని అడిగితే, గైడ్ నవ్వి, “మీరు వాటి మీదే నిలబడ్డారు సార్” అన్నాడు. మీరూ అడగండి. ఆయన హైడ్రోజన్ గురించి పది నిమిషాలు చెప్పాడు, మా వెనక లైన్లో వాళ్లు కసురుకునేదాకా.