రెటీనా సిర మూసుకుపోతే చూపు మళ్లీ ఎంత వస్తుంది?

ప్రశ్న: నా వయసు 58. పదేళ్లుగా బీపీ ఉంది. రెండున్నర నెలల కిందట పొద్దున్నే లేచేసరికి కుడికన్ను మసకబారింది. రెటీనాలో సిర కొమ్మ ఒకటి మూసుకుపోయిందన్నారు. కంట్లో నెలకొకటి చొప్పున రెండు ఇంజెక్షన్లు వేశారు. చూపు 6/36 నుంచి 6/18కి వచ్చింది. మూడోది కూడా వేయించుకోమంటున్నారు. మెరుగైంది కదా, ఇంకా అవసరమా? మునుపటిలా కనిపిస్తుందా?

జవాబు: మూడో ఇంజెక్షన్ మానకండి. చూపు కాస్త రాగానే చికిత్స ఆపేయడం వల్ల నష్టపోయేవారు చాలామంది.

ఈ ఇంజెక్షన్ మూసుకుపోయిన సిరను తెరవదు. రక్తం వెనక్కి పోయే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది, ఆక్సిజన్ చాలని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా వదులుతుంది. దాంతో సన్నని రక్తనాళాల్లోంచి నీరు కారి రెటీనా నడిమధ్య ఉండే మాక్యులాలో చేరుతుంది. చదవడానికి, మొహాలు గుర్తుపట్టడానికి పనికొచ్చేది ఆ మాక్యులానే. మందు ఆ ప్రొటీన్‌ను కట్టేస్తుంది, నీరు ఇంకుతుంది. అయితే ప్రభావం నెల, నెలన్నర దాటి ఉండదు. ఈలోగా కన్ను రక్తం పోవడానికి తనంతట తానే పక్కదారి నాళాలను ఏర్పరచుకుంటుంది. దానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా మాక్యులాను పొడిగా ఉంచడమే మన పని. అందుకే మొదట్లో నెలనెలా వేసి, వాపు నిలకడగా తగ్గాక వ్యవధి పెంచుతారు.

ఆలస్యానికి మూల్యం ఎంతో 2010, 2011లో ఫలితాలు వెలువడిన బ్రావో అధ్యయనం చూపింది. సిర కొమ్మ మూసుకుపోయినవారిలో మొదటి నుంచీ రానిబిజుమాబ్ (వీఈజీఎఫ్‌ను కట్టేసే మందుల్లో ఒకటి) పూర్తి మోతాదు అందుకున్నవారు ఏడాదికి కంటి పరీక్ష చార్టులో సగటున 18 అక్షరాలు అదనంగా చదవగలిగారు. ఆరు నెలలు ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాత అదే మందు వేసినవారు 12 దగ్గరే ఆగారు. నీటిలో నానినన్నాళ్లూ కాంతిని గ్రహించే కణాలు దెబ్బతింటూనే ఉంటాయి.

ఇక మునుపటిలా కనిపిస్తుందా అన్నది. మీకు మూసుకుపోయింది కొమ్మే గాని ప్రధాన సిర కాదు, చికిత్స తొందరగా మొదలైంది, రెండు ఇంజెక్షన్లకే ఫలితం కనిపించింది. ఇవన్నీ మంచి సూచనలు. మొదట్లో చూపు ఎంత ఉందన్నదీ ముఖ్యమే. 6/60 కంటే తక్కువతో వచ్చినవారికంటే మీ పరిస్థితి మెరుగు. 6/12 లేదా 6/9 వరకు ఆశించవచ్చు (మామూలు చూపు 6/6). కానీ ఆ మాట గట్టిగా చెప్పాలంటే మీ రిపోర్టుల్లో రెండు విషయాలు చూడాలి.

ఒకటి ఓసీటీ స్కాన్, అంటే కాంతితో రెటీనా పొరలను చూపే పరీక్ష. మాక్యులా మధ్యలో మందం మామూలుగా 250 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది (యంత్రాన్ని బట్టి కొంత తేడా). వాపులో 500 దాటడం మామూలే. అయితే ఆ అంకె ఒక్కటే చూసుకుని ఊరట పడొద్దు. స్కాన్‌లో కాంతిని గ్రహించే కణాల స్థితిని చూపే 'ఎలిప్సాయిడ్ జోన్' అనే గీత తెగకుండా ఉందా అని డాక్టర్‌ని అడగండి. అది చెరిగిపోతే వాపు పూర్తిగా తగ్గినా చూపు అంతగా రాదు.

రెండోది ఎఫ్ఎఫ్ఏ, అంటే చేతి నరానికి రంగుమందు ఎక్కించి తీసే ఫొటోలు. రంగు లేకుండా చేసే ఓసీటీ యాంజియోగ్రఫీ కూడా ఉంది. మాక్యులా చుట్టూ కేశనాళికలు ఎండిపోయాయా అన్నది వీటిలో తెలుస్తుంది. ఎండిపోతే ఎన్ని ఇంజెక్షన్లు వేసినా కొంత మసక మిగిలిపోతుంది. రెటీనా అంచుల్లో రక్తం అందని భాగం పెద్దదైతే కొత్త నాళాలు మొలిచి కంట్లో రక్తస్రావం కావచ్చు. కొత్త నాళాలు కనబడితే ఆ భాగానికి లేజర్ చేస్తారు. ప్రధాన సిర మూసుకుపోయినవారికి ఇంకో ముప్పుంది: మూడు నెలల ప్రాంతంలో కంటి ఒత్తిడి విపరీతంగా పెరిగే నీటికాసులు. వాళ్లు నెలనెలా పరీక్ష తప్పించకూడదు.

ఇంజెక్షన్లకు వాపు లొంగకపోతే స్టెరాయిడ్ ఇంప్లాంట్ పెడతారు. మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. కాకపోతే కంటి ఒత్తిడి పెంచుతుంది, శుక్లం త్వరగా వచ్చేలా చేస్తుంది. పెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఒత్తిడి కొలిపించుకోవాలి.

అసలు కారణం మీ బీపీయే కావచ్చు. రెటీనాలో ధమని, సిర దాటుకునే చోట రెండింటికీ ఒకే తొడుగు ఉంటుంది. బీపీతో గట్టిపడిన ధమని కింద సిర నలిగిపోతుంది. 130/80 లోపు ఉంచడానికి మీ ఫిజీషియన్‌తో మాట్లాడండి. షుగర్, కొలెస్ట్రాల్, రెండు కళ్ల ఒత్తిడీ చూపించుకోండి. గట్టిగా గురక పెడుతుంటే ఆ సంగతీ చెప్పండి. ఆస్పిరిన్ ఈ అడ్డును తొలగించదు, సొంతంగా మొదలుపెట్టొద్దు. గుండె కోసం వాడుతుంటే మాత్రం ఆపొద్దు. ఈమధ్య గుండెపోటు గాని పక్షవాతం గాని వచ్చి ఉంటే ఇంజెక్షన్‌కు ముందే తెలియజేయాలి.

కొత్త కళ్లజోడుకు తొందరపడకండి. మాక్యులా రెండు నెలలైనా పొడిగా ఉన్నాక పవర్ చూపించుకుంటే డబ్బు వృథా కాదు. వారానికోసారి ఎడమకన్ను మూసి గుమ్మం అంచునో, గచ్చు టైల్స్ గీతలనో చూడండి. కొత్తగా వంకర కనిపించినా, వంకర పెరిగినా వాపు తిరగబెట్టినట్టే అనుకుని, తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెళ్లండి.

ఇంజెక్షన్ తర్వాత తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే భయం లేదు, వారం రెండు వారాల్లో పోతుంది. నొప్పి పెరుగుతూ, కన్ను ఎర్రబడి, చూపు తగ్గుతుంటే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఎక్కువగా మొదటి వారంలోనే వస్తుంది. అర్ధరాత్రయినా సరే అప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి.