“సులువు దారి” అని రాసే ముందు

తమ్ముడూ,

ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోని గాలిబియే కనుమను సైకిలు మీద ఎక్కడం గురించి నీ వ్యాసం చదివాను. “దక్షిణం నుంచి ఎక్కితే సులువు” అన్నావు. అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క మాట నమ్మి సైకిలెక్కినవాడు చివరి కిలోమీటరులో దిగి నడుస్తాడు, నిన్ను తిట్టుకుంటూ.

ముందు లెక్క తేల్చు. ఉత్తరాన సాన్ మిషెల్ ఊరి నుంచైతే టెలిగ్రాఫ్ కనుమ ఎక్కి, వాల్వార్ ఊరికి దిగి, దిగినదంతా మళ్లీ ఎక్కాలి. మొత్తం దాదాపు 2,100 మీటర్ల ఎక్కుడు. దక్షిణాన బ్రియాన్‌సోన్ నుంచి సుమారు 1,400. అందులో లోతారే కనుమ దాకా 27 కిలోమీటర్లు సగటున 3 శాతం, అంటే వంద మీటర్లకు 3 మీటర్ల ఎక్కుడే. అసలు కొండ ఆ పైన 8.5 కిలోమీటర్లు, 6.9 శాతం. “మొత్తం సగటు 4 శాతం” అన్న నీ అంకె తప్పు కాదు, ఎవరికీ పనికిరాదంతే.

కనుమ కింది సొరంగం దగ్గర కాసేపు ఆగి రాయి. దాని ఎత్తు 2,556 మీటర్లు, కనుమ 2,642. కార్లు లోపలికి దూరిపోతాయి, సైకిళ్లను రానివ్వరు. ఆ 86 మీటర్లూ ఒక్క కిలోమీటరులోనే ఎక్కాలి. పక్కనే టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం ఆద్యుడు ఆన్రీ దెగ్రాంజ్ స్మారకం కనిపించేసరికి అయిపోయిందనుకుంటారు పాపం.

“చిన్న గేరు వాడండి” అంటే చాలదు, గేరు చక్రాలకు ఎన్ని పళ్లో చెప్పాలి. ముందు 34, వెనక 34 ఉంటే పెడల్ ఒక చుట్టుకి సైకిలు 2.1 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 7.5 కిలోమీటర్లు. వెనక 28 మాత్రమే ఉంటే అదే వేగానికి 49 చుట్లే పడతాయి, ప్రతి చుట్టూ మోకాళ్ల మీద భారమే. కింద తేలిగ్గా ఉందని ఉరికి, తినడం మరిచినవాడికి ఇక్కడ కాళ్లు ఆడవు. ఆకలి లేకపోయినా గంటకు 60 గ్రాముల పిండిపదార్థం పడాలి.

దిగడం గురించి ఒక్క ముక్కా రాయలేదేం? వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది. చెమట తడితోనే దిగితే వేళ్లు కొంకర్లు పోతాయి, బ్రేకు పట్టు చిక్కదు. పైకి చేరగానే, ఫొటోకన్నా ముందు, జాకెట్ వేసుకోమను. చక్రం అంచును (రిమ్) పట్టే బ్రేకులు అదేపనిగా నొక్కిపట్టి ఉంచితే రిమ్ కాలి ట్యూబు పేలుతుంది. మలుపుకు ముందు గట్టిగా నొక్కి, వదిలెయ్యాలి.

1911 నాటి టూర్ పందెం చరిత్రకు రెండు పేరాలెందుకు, ఒక వాక్యం చాలు. మిగిలిన చోటులో, చలికాలమంతా దారి మంచుతో మూసి ఉంటుందని, బయల్దేరే ముందు తెరిచారో లేదో కనుక్కోవాలని రాయి.