సూచీ పెద్దదైతే ఇల్లు ఖరీదైనట్టేనా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా మేము వేరే నగరానికి మారవలసి వస్తోంది. ఇక్కడి ఇల్లు అమ్మి అక్కడ కొనుక్కోవాలని ఆలోచన. ఇళ్ల ధరల సూచీ మా నగరానికి 180, ఆ నగరానికి 240 ఉంది. అంటే అక్కడ ఇల్లు మూడోవంతు ఎక్కువ ధర పలుకుతుందనే కదా? సగటు ధర చూస్తే మాత్రం అక్కడే తక్కువ. దేన్ని నమ్మాలి?

జవాబు: రెండు అంకెలూ నిజమే కావచ్చు. సూచీ ధరను చెప్పదు, ఆధార సంవత్సరం నుంచి ధర ఎంత మారిందో చెబుతుంది. ఆ సంవత్సరంలో ఏ నగరపు ధర ఎంతున్నా దాన్ని 100గానే తీసుకుంటారు. అప్పట్లో మీ నగరంలో 60 లక్షలున్న ఇల్లు సూచీ 180కి చేరేసరికి 108 లక్షలు అవుతుంది. అక్కడ 30 ఉన్న అలాంటి ఇల్లే సూచీ 240 అయినా 72 దగ్గరే ఉంటుంది. అమెరికాలోని కేస్-షిల్లర్ సూచీ కూడా ప్రతి నగరానికీ 2000 జనవరి ధరను 100గా పెట్టుకున్నదే. కాబట్టి ఏ నగరంలో ధరలు వేగంగా పెరిగాయో తెలుసుకోవడానికే సూచీని వాడండి.

సగటును కూడా గుడ్డిగా నమ్మవద్దు. అయిదు ఇళ్లు 40, 45, 50, 55, 310 చొప్పున అమ్ముడుపోతే సగటు 100 వస్తుంది, కానీ ఆ ధరకు దగ్గరలో అక్కడ ఒక్క ఇల్లూ లేదు. వరుసలో నడిమిదైన 50, అంటే మధ్యగత ధర, మీకు ఎక్కువ పనికొస్తుంది. అదీ ప్రకటనల్లో అడిగే ధరలతో కాక, బేరం తెగిన ధరలతో లెక్కగట్టినదై ఉండాలి.

ఇక చదరపు అడుగు ధర పోల్చేటప్పుడు కొలత ఒకటేనో కాదో ముందు అడగండి. మెట్లు, నడవాల్లో వాటా కలిపి 1,200 అడుగులని చెప్పిన ఇంట్లో గోడల మధ్య వాడుకునే స్థలం 900 అడుగులే ఉంటే, చదరపు అడుగు ధర చెప్పినదానికన్నా మూడోవంతు పెరిగినట్టే. చాలామంది మోసపోయేది ఇక్కడే.

అమ్మకానికీ కొనుగోలుకూ అయ్యే పన్నులు, రుసుములు ఎలాగూ లెక్కలో వేసుకుంటారు. అంతకన్నా ముఖ్యంగా, మీరు వెళ్లబోయే పేటలో ఇంటి ధరను అలాంటి ఇంటికే ఏడాదికి వచ్చే అద్దెతో భాగించి చూడండి. 20 లోపు వస్తే కొనడం గురించి ఆలోచించవచ్చు. 35 దాటితే, నేనైతే కొన్నాళ్లు అద్దెకే ఉంటాను.